బండిలో ఉన్న మ్యాపు

నా కొడుకు బండి నడుపుతూ ఫోన్‌లో దారి చూస్తాడని నాకు ఎప్పుడూ భయం. అందుకే కారు కొనేటప్పుడు, దారి చూపే మ్యాపు బండిలోనే ఉండే మోడల్ తీసుకుంటానని, ఇక ఫోన్ ముట్టనని నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. దాని ధర ఎక్కువ. ఆటో కిరాయి దండగని బస్సెక్కేదాన్ని, అలాంటిది గాజులు అమ్మి ఇచ్చాను.

మొదటి ఆదివారం మియాపూర్ నుంచి ఖాజాగూడకు బయలుదేరాం. కొండాపూర్ దాటకముందే ఫోన్ తీసి, సరిగ్గా ఆ బండి తెర మీదే తగిలించాడు.

"గదేందిరా? బండిల ఉన్నది చాలదా?" అన్నాను.

"అది పాతదమ్మా. కొత్త ఫ్లైఓవర్లు దానికి తెల్వయి."

వెనక కూర్చున్న కోడలు నవ్వింది. "మ్యాపు కోసం కొన్నడనుకున్నరా అత్తమ్మా? ఆయనకు పైకప్పు తెరుసుకునే బండి కావాలె, అది గీ మోడల్‌లనే వస్తది. మ్యాపు పనికిరాదని షోరూంలనే తెల్సు."

కొడుకు అద్దంలోంచి ఆమెను గుర్రుగా చూశాడు. నా భయాన్ని అడ్డం పెట్టుకుని నా గాజులు అమ్మించాడన్నమాట.

ఫోన్ పీకి కొంగున ముడేసుకున్నాను. "ఒట్టేసినవు గద, గా మ్యాపు చూస్కుంటనే నడుపు," అన్నాను. అది మమ్మల్ని రాయదుర్గం చుట్టూ తిప్పిందే తిప్పింది. ఎంత బతిమాలినా నేను ముడి విప్పలేదు.