సర్వపిండి తిన్న చెయ్యి

నా చిన్నప్పుడు సర్వపిండి అంటే నాకు ప్రాణం. బియ్యప్పిండిలో నువ్వులు, నానిన శనగపప్పు, కారం, ఉల్లాకు కలిపి, సర్వ గిన్నె అడుగున చేత్తో పలుచగా ఒత్తి, అక్కడక్కడా వేలితో గుచ్చి పొక్కలు పెట్టి, నూనె పోసి కాలుస్తారు. ఒకటి కాలగానే సర్వను బోర్లించి నీళ్లు పోసి చల్లార్చాలి. లేకపోతే రెండోది ఒత్తేటప్పుడు చేతులు కాలుతాయి. ఆ కాసేపు ఆగడం నాకు చేతనయ్యేది కాదు. మొదటిది దించేసరికి అందరికంటే ముందు నా పళ్లెం పొయ్యి పక్కన హాజరయ్యేది.

మాది నర్మెట్ట. ఒక యేడు మా అమ్మకు కామెర్లు వచ్చాయి. బాపు అమ్మను జనగామ దవాఖానలో చేర్చి, నన్ను స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉన్న మా మేనత్త ఇంట్లో వదిలి, తాను అమ్మ దగ్గరే ఉండిపోయాడు. అమ్మకు ఉప్పూ కారం లేవని, నూనె చుక్క తగలనివ్వడం లేదని, పలుచటి జావ పోసినా వద్దంటోందని పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే విన్నాను. అమ్మ అట్లా ఉంటే నేను కమ్మగా ఎట్లా తినడం? అమ్మ లేచి తినేదాకా రుచైనదేదీ ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. ఎవరికైనా చెబితే ఒట్టు తీసి గట్టు మీద పెట్టమంటారని భయపడి, ఎవరికీ చెప్పలేదు.

అత్త ఏ కూర వేసినా పక్కకు నెట్టి ఉత్త మజ్జిగన్నం తినేదాన్ని. ఆమె కొన్నాళ్లు చూసీ చూడనట్టు ఊరుకుంది. తర్వాత ఒకనాడు పొద్దున్నే పొయ్యి వెలిగించి, సర్వ ముందు పెట్టుకుని నన్ను పిలిచింది.

“నీ యేలు సన్నగుంది బిడ్డ, పొక్కలు నువ్వే పెట్టు. మీ అమ్మకు తీస్కపోదాం” అంది.

అమ్మకు అనగానే పథ్యం సంగతే మరిచిపోయి పొక్కలు పెట్టాను. నువ్వులు వేగే వాసనకు నోట్లో నీళ్లూరుతుంటే నా మీద నాకే కోపం వచ్చింది. దించాక అత్త అంచు తుంచి నా చేతిలో పెట్టి ఉప్పు చూడమంది. తనకు ఆ రోజు ఒక్కపొద్దట, నోట్లో వేసుకోకూడదట. అమ్మ కోసమే కదా అని చూశాను. ఉప్పు తెలిసింది గాని కారం తెలియలేదన్నాను. ఇంకో తునక ఇచ్చింది. అట్లా చూస్తూ చూస్తూ మొత్తం చూసేశాను. అత్త సర్వ చల్లార్చి రెండోది ఒత్తింది. అది మూట కట్టుకుని జనగామ బస్సెక్కాం. దారి పొడుగునా ఏం పని చేశానా అని నాకు ఏడుపు వస్తూనే ఉంది.

దవాఖానలో అమ్మను చూసి బిక్కచచ్చిపోయాను. కళ్లు పచ్చగా అయిపోయాయి, చేతులు పుల్లల్లా ఉన్నాయి. మంచం పక్కన జావ గ్లాసు పోసింది పోసినట్టే ఉంది. తిన్నావా బిడ్డా అని అడిగింది. నా కుడిచెయ్యి దానంతటదే వీపు వెనక్కి పోయింది. అమ్మ ఆ చెయ్యి పట్టి లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్లు మూసుకుని చాలాసేపు అట్లాగే ఉంది.

“అంచు ఎర్రగ గాలిందా?” అంది.

తలూపాను. చెప్పు మరి, అంది. అంచు కరకరలాడిందని, నడుమ మెత్తగా ఉందని, శనగపప్పు పంటి కింద తగిలిందని చెప్పుకుంటూ పోయాను. అమ్మ గుటకలు మింగుతూ వింది. విని, జావ అందుకుని తాగింది. తర్వాత మూట వైపు చూసింది.

“అది మీ బాపుకు పెట్టు. నా రంది వెట్టుకొని ఆయన గూడ తిండి బందువెట్టిండు.”

బాపు వరండాలో ఓ మూలకు కూర్చుని ఉన్నాడు. తుంచి ఇస్తే వద్దని తల అడ్డంగా ఊపాడు. ఉప్పు చూడమన్నాను. బాపు తన అక్క ముఖం చూశాడు, ఆమె ఎటో చూసింది. ఒక్కొక్క తునకే మొత్తం తిన్నాడు. కామెర్ల మనిషికి నూనె సరుకు పనికిరాదని అత్తకు ముందే తెలుసునని నాకప్పుడు అర్థమైంది. అమ్మ కోలుకుని ఇంటికొచ్చిన నాడు మా ఇంట్లో మొదట కడిగింది సర్వనే.

ఇప్పుడు నేనూ ముసలిదాన్నయ్యాను. మొన్నీమధ్య మస్కట్‌లో నర్సుగా చేస్తున్న మా బిడ్డ దగ్గర కొన్నాళ్లున్నాను. అక్కడి ఖుబ్బూస్ రొట్టెను పొంగి ఉండగానే తెచ్చుకుని, పప్పులో ముంచుకు తిని, పైన చిక్కటి చాయ్ తాగడం నాకు మహా ఇష్టమైపోయింది. ఇక్కడ భూపాలపల్లిలో మా ఆయనకు షుగరు. తీపి లేదు, కడుపునిండా అన్నం లేదు, కోడలు రాగిజావ కాచి పోస్తోంది. ఫోనులో ఏం తిన్నావని ఆయన అడిగితే, ఏదో ఇంత పెరుగన్నం అని దాటేసేదాన్ని. ఆ తర్వాత మిగిలిన రొట్టె గొంతు దిగేది కాదు. ఒకనాడు అట్లా అబద్ధమాడుతుంటే, ఎదురుగా ఎవరూ లేకపోయినా, నా కుడిచెయ్యి వీపు వెనక్కి పోయి ఉంది.

సిగ్గేసింది. ఆ పూట రొట్టె గురించి, పప్పు గురించి, చాయ్ గురించి అంతా చెప్పాను.

“పొంగినప్పుడు పొర పలుచగుంటదా?” అన్నాడు మా ఆయన.

తినలేని మనిషి ఉండగా నేను తింటున్నానన్న బాధ ఇప్పటికీ పోలేదు. పోవాలని కూడా లేదు. చెయ్యి మాత్రం ఇక దాచుకోను. అడిగినవాళ్లకు, అమ్మకు చెప్పినట్టే, అంచు దగ్గర నుంచి మొదలుపెట్టి చెబుతాను.