నాన్న నేర్పిన భాష, అమ్మ నేర్పని భాష

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా. పొద్దస్తమానం ఆ ఘాటులో తుమ్ముతూ దగ్గుతూ గడిపిన మనిషి, ఇంటికొచ్చి స్నానం చేయగానే ఎస్పెరాంటో అనే భాషలోకి దిగేవాడు. ఎక్కడినుంచో పోస్టులో పాఠాలు తెప్పించుకుని నేర్చుకున్నాడు. గుంటూరు మొత్తంలో ఆ భాష వచ్చినవాళ్ళు నాకు తెలిసి ఇద్దరమే. ఆయనొకరు, ఆయన పోరు పడలేక నేర్చుకున్న నేనొకదాన్ని.

ఇంటికి ఎవరొచ్చినా నన్ను పిలిచి "సలూటోన్" అనిపించేవాడు. నమస్కారం అన్నమాట. వచ్చినవాళ్ళు "పాపకి హిందీ బాగా వస్తోందండీ" అని మెచ్చుకుని, కాఫీ తాగి వెళ్ళిపోయేవారు. నాన్న మాత్రం నిరుత్సాహపడేవాడు కాదు.

"ఇది ఒకాయన కూర్చుని కల్పించిన భాషమ్మా. ఎవరి సొత్తూ కాదు. కాబట్టి తప్పు మాట్లాడావని నవ్వే హక్కు ఎవడికీ లేదు" అనేవాడు. ఆ మాట నాకు భలే నచ్చేది. ఇప్పటికీ నచ్చుతుంది.

అమ్మ నర్సు. వినుకొండ అవతల సుగాలీ తండాలో పుట్టింది. నాన్నది తెలుగు రైతు కుటుంబం. ఇద్దరూ ప్రేమించి పెళ్ళి చేసుకున్నారు. అమ్మ భాష మా ఇంట్లో ఏడాదికొకసారి వినిపించేది. మిరప కోతలకి తండావాళ్ళు గుంపుగా పెదకాకాని వైపు చేలల్లోకి దిగినప్పుడు, అమ్మమ్మ ఒక పూట మమ్మల్ని చూడటానికి వచ్చేది. ఇద్దరూ వంటింట్లో చేరి లంబాడీలో గుసగుసలాడుకునేవారు. గుమ్మంలో నా నీడ పడితే చాలు, అమ్మ టక్కున తెలుగులోకి మారిపోయేది. ఎక్కడో పుట్టిన భాష కోసం పోస్టాఫీసు చుట్టూ తిరిగిన మా నాన్న, తన వంటింట్లో ఉన్న భాష ఏమిటని ఒక్కసారీ అడగలేదు. ఆయన చెడ్డవాడు కాడు. తోచలేదంతే. అదే నాకు ఒళ్ళు మండే విషయం.

బ్రాడీపేటలో ఇంటర్నెట్ సెంటర్లు వచ్చిన కొత్తలో నాన్న సాయంత్రాలు అక్కడ గడిపేవాడు. ఒకరోజు అన్నాల దగ్గర, ఎస్పెరాంటోని నవహో అనే భాషతో పోల్చి రాసిన వ్యాసం చదివొచ్చానని మొదలుపెట్టాడు. నవహో అమెరికాలో ఒక ఆదివాసీ తెగ మాట్లాడే భాష. ఎస్పెరాంటో ఎవరైనా కొన్ని నెలల్లో పట్టుకోవచ్చట. నవహో మాత్రం పుట్టుకతో రాకపోతే కొరుకుడు పడదట. అందుకే రెండో ప్రపంచ యుద్ధంలో రహస్య కబుర్లకి దాన్ని వాడుకున్నారట.

"తమాషా ఏంటంటే, అంతకుముందు ఆ పిల్లలు బళ్ళో ఆ భాష మాట్లాడితే కొట్టేవాళ్ళంట" అన్నాడు.

పప్పు వడ్డిస్తూ అమ్మ, "మమ్మల్ని ఎవరూ కొట్టలేదండీ" అంది. "నర్సు ట్రైనింగులో నేను మా అమ్మతో మా భాషలో మాట్లాడుతుంటే హాస్టల్ పిల్లలు నవ్వారు. అంతే. కొట్టుంటే పంతానికైనా మాట్లాడేదాన్నేమో."

నాన్న పెరుగు వేయించుకుని తినేశాడు. మర్నాడు మళ్ళీ మామూలే.

నేను డిగ్రీలోకి వచ్చేసరికి అమ్మమ్మ మోకాళ్ళు పాడై కోతలకి రావడం మానేసింది. కొన్నేళ్ళు ఒకరినొకరు చూసుకోలేదు. తర్వాత జబ్బు చేసిందని కబురొస్తే అమ్మా నేనూ తండాకి బస్సెక్కాం.

ఆ తండాలో చాలాకాలానికి కలిసిన ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకోరు, ఏడుస్తారు. ఒకరి మెడ ఒకరు పట్టుకుని, పాటలా రాగం తీస్తూ, విడిపోయాక ఏం జరిగిందో ఏడుపులోనే చెబుతారు. ఒకరు ఆపగానే రెండోవారు అందుకోవాలి. మా ఇంటికొచ్చినప్పుడు అమ్మమ్మని అమ్మే ఆపేసేదట, ఎవరో పోయారనుకుని పక్క వాటావాళ్ళు పరుగెత్తుకొస్తారని. నేను అది చూడటం అదే మొదలు. బస్సులో అమ్మ "వాళ్ళు ఏడుస్తారు, కంగారుపడకు" అని మాత్రం చెప్పింది.

మంచం మీద కూర్చున్న అమ్మమ్మని పట్టుకుని అమ్మ ఏడ్చింది. మా అమ్మకి అంత గొంతు ఉందని నాకు తెలియదు. తర్వాత అమ్మమ్మ నావైపు చేతులు చాచింది. నా మెడ చుట్టూ చేతులు వేసి, నా చెవి పక్కనే రాగం ఎత్తుకుంది. మధ్యలో నా పేరు ఒక్కటే అర్థమైంది. ఎంతసేపు పాడిందో. చివరికి ఆపి, నా భుజం మీద తల ఆనించి ఎదురుచూసింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కూడా ఎదురుచూస్తున్నారు.

నేను ఆమె వీపు నిమిరి, "ఏడవకు అమ్మమ్మా, ఊరుకో" అన్నాను.

తెలుగింట్లో అది ప్రేమగా అనే మాట. అక్కడ మాత్రం అది వడ్డించిన విస్తరి ముందునుంచి మనిషిని లేపినట్టే. అమ్మమ్మ చేతులు జారాయి. కొంగుతో మొహం తుడుచుకుని, ఎవరినో పిలిచి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించింది. అందరూ నేలమీదే కూర్చున్నారు, మా అమ్మతో సహా. ఆ కుర్చీ ఊళ్ళోకి వచ్చే ఆఫీసర్లకి వేసేది.

"కూర్చో తల్లీ. మంచినీళ్ళు తాగుతావా?" అంది తెలుగులో.

తిరుగు బస్సులో అడిగాను, ఏం పాడిందని. అమ్మ కిటికీలోంచి పత్తిచేలు చూస్తూ, "ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు, నన్నెందుకు మరిచిపోయావు అని" అంది. ఆ తర్వాత, "దానికి జవాబు చెప్పాల్సింది నువ్వు కాదులే" అంది.

తన భాష నేర్పమని అడిగాను. అమ్మ నేర్పడం మొదలుపెట్టింది కూడా. అన్నం, నీళ్ళు, రా, కూర్చో, ఇలా కొన్ని మాటలు వచ్చాయి. వాటితో ఏడవడం కుదరదు. ఎస్పెరాంటోలో అయితే పేజీలకి పేజీలు రాయగలను. ఆ భాషలో నా మెడ పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు. ఈ రెండూ తలుచుకుంటే నాకు దుఃఖమొస్తుంది, దాచుకోవడం దేనికి.

మళ్ళీ కోతలు మొదలయ్యేలోపే అమ్మమ్మ పోయింది. ఈసారి నాన్న కూడా వచ్చాడు. తండా ఆడవాళ్ళు వరసగా వచ్చి, అమ్మ మెడ పట్టుకుని ఏడ్చారు, అమ్మ చెల్లెలైన పిన్నిని పట్టుకుని ఏడ్చారు, పిన్ని కూతుర్ని పట్టుకుని ఏడ్చారు. ఆ పక్కన నేనున్నాను. నా దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్కరూ ఆగి, కళ్ళు తుడుచుకుని, రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టి వెళ్ళారు.