అత్త వండిన ఇటలీ పాస్తా

మా మేనత్త ముంబైలో కామాటిపురాలోని ఒంటిగదుల చాల్‌ నుంచి ఓ పెద్దింటికి వంటకు వెళ్లేది. ఉప్పులో ఊరిన పందిమాంసం వేయించి, ఆ కొవ్వులోనే టమాటాలు మగ్గించి ఇటలీ పాస్తా చేసేది. రుచి మాత్రం అరచేతిలో వేసుకునే చూసేది.

ఒక విందుకు సాయంగా నేనూ వెళ్లాను. మారు వడ్డించుకుని తింటున్న అతిథి ఒకావిడ అత్తను మెచ్చుకుని, ఎక్కడుంటావని అడిగింది.

"నాగ్‌పాడాలో," అని నేనే చటుక్కున పక్కపేట పేరు చెప్పాను.

"అబద్ధమెందుకు జెప్తవే? మనమేమన్న దొంగలమా?" అని అత్త నన్ను కసిరింది. "కామాటిపురా," అని ఆవిడకు హిందీలో చెప్పింది.

పడుపువృత్తి వల్ల మా వీధులకంటిన చెడ్డపేరు గుర్తొచ్చి ఆవిడ ప్లేటు పక్కకు నెట్టేసింది. అత్త దాన్ని మళ్లీ ముందుకు జరిపి, "ఇందాక రుచిగానే ఉంది కదా, తినండి," అంది.

మర్నాడే ఆ పని పోయింది. ఆవిడ మీద నాకింకా కోపమే. అంతకు మించిన కోపం, అబద్ధమాడిన నా నోటి మీద.