దినాలైనంక వచ్చిన రన్నర్

జర సక్కగ కూసో బిడ్డా. నడుమ మాట్లాడకు, చెప్పింది చెప్పినట్టు రాయి.

అవి పంతొమ్మిది వందల అరవైల తొలి ఏండ్లు. నేను దేవరకొండ ట్రెజరీలో, అంటే సర్కారు ఖజానాలో, పింఛన్ గుమస్తాను. పింఛన్ తీసుకునేవాళ్ళు ఏడాదికోసారి మా ముందుకొచ్చి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. బతికే ఉన్నామని చూపించుకునే కాగితం అది. మనిషి పోతే పింఛన్ ఆగిపోతుంది.

ఒక మిట్టమధ్యాహ్నం మల్లయ్య వచ్చాడు. డాక్ రన్నర్‌గా చేసి రిటైరైనవాడు. టపా సంచి భుజాన వేసుకుని ఊరూరికీ పరుగెత్తే పని. ఆయన చనిపోయాడని ఊరి పటేల్ రాసిస్తే పింఛన్ అప్పటికే ఆపేశాం.

"ఆలంపూర్ పోయిన అమ్మా. జరమొచ్చి ఆడనే పడ్డ. గీడ వాగుల ఎవరిదో పీనుగ దొరికిందంట. గొంగడి నాదసొంటిదని దినాలు చేసిండ్రు."

వేలిముద్ర కలిసింది. అయినా ఇంటివాళ్ళ సాక్ష్యం కావాలన్నారు మా ఆఫీసరు. మల్లయ్య భార్య ఎల్లమ్మను పిలిపించాం. బోసి చేతులతో వచ్చి వరండాలో కూర్చుంది. ఆయన వైపు తలెత్తలేదు.

"ఈయన ఎవరు ఎల్లమ్మా?"

"మాట ఆయనదే. నడక ఆయనదే."

"మరి మనిషి?"

"పిట్టకు పెడితే ముట్టింది గదమ్మా. ముట్టినంక ఆయనెట్లయితడు?"

మూడోనాడు పోయినవాళ్ళ పేర పెట్టిన అన్నం కాకి ముడితే, వాళ్ళే వచ్చి తిన్నట్టు లెక్క.

మల్లయ్య తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "అందరు గట్లనే అంటాంటె నాకు గూడ అనుమానమైతాంది అమ్మా."

చెబితే నవ్వుతావు. దయ్యాలకు నీడ ఉండదంటారని, ఎండలో నిలబడ్డ ఆయన నీడ కోసం చూశాను. ఉంది.

చివరికి సాక్ష్యం కాగితం మీద ఎల్లమ్మ వేలిముద్ర వేసింది. "పింఛనియ్యున్రి. ఇంట్లకు మాత్రం రావొద్దనున్రి."

పింఛన్ మళ్ళీ మొదలైంది. మల్లయ్య ఊరవతల గొర్ల దొడ్డి పక్కన గుడిసె వేసుకున్నాడు.

ఆ ఏడు పెత్రమాసనాడు, పోయినవాళ్ళకు అన్నం పెట్టే అమావాస్యనాడు, పనిమీద ఆ ఊరు వెళ్ళాను. ఎల్లమ్మ గడప బయట విస్తరి పెట్టింది. "వచ్చి తినిపో" అని గాలిలోకి పిలిచింది. కాకి రాలేదు. మల్లయ్య వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు.

ఆమె కెవ్వుమనలేదు, లేవమననూ లేదు. ముఖం చూడకుండానే ఇంకింత కూర వేసింది.

"ఉప్పు సరిపోయిందా?" అని గోడను అడిగింది.

"సరిపోయింది."

ఆనాడు తెలిసింది బిడ్డా, సర్టిఫికెట్‌దేముంది, స్టాంపు గుద్ది మేమిస్తాం. కానీ మనిషి బతికున్నాడని ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవాలంటే... ఆగు, లోపల్నుంచి కోడలు పిలుస్తోంది.

"అత్తమ్మా, బువ్వ పెట్టిన, సల్లగైతాంది. రాండ్రి."