తప్పెట మోగనిదే తప్పు లేదు

మా ఆయనకు ఒకటే జబ్బు. తప్పెట కొట్టి చాటించని రూలును ఆయన రూలుగా ఒప్పుకునేవారు కాదు. వడమాలపేట పక్కన మా పల్లెకు మునసబు గనుక ఊరి సంగతుల్లో అది సరే అనుకోవచ్చు. ఇంట్లో కూడా అంతే.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు, మడికాడి నుంచి బురదకాళ్లతో నేరుగా వంటింట్లోకి వచ్చేశారు. అప్పుడే అలికిన నేల. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"ఏమయ్యా, కాళ్లు కడుక్కోని రాగూడదా?"

"కడుక్కోవల్లని చాటించినావా?"

"ఇంట్లో కూడా చాటించల్లనా?"

"లేకుంటే నాకెట్ల తెలుస్తాది? రూలు ముందు పుట్టల్ల, తప్పు తరవాత పుట్టల్ల. తప్పును చూసినాక రూలు పుట్టిస్తే, అది రూలు కాదే. కోపం."

మర్నాడు పొద్దున్నే ఊళ్లో చాటింపులు వేసే వెట్టి కుప్పయ్య మా వాకిట్లో నిలబడి తప్పెట కొట్టాడు. "మునసబు ఇంటి వంటింట్లోకి వచ్చేవాళ్లు ఎవురైనా సరే కాళ్లు కడుక్కోని రావల్లహో!" వీధి వీధంతా వచ్చి చూసింది. నేను తలుపు చాటున సిగ్గుతో చచ్చాను. కానీ ఆ తరవాత ఆయన ఒక్కనాడూ బురదకాళ్లతో లోపలికి రాలేదు. మా అత్తగారు వచ్చినా అంతే. "చాటింపు అయిపోయిందమ్మా" అని చెంబు చేతికిచ్చేవారు.

ఇంకోసారి, విడిచిపెట్టిన గొడ్లను బందెలదొడ్డికి తోలతామని ఊళ్లో చాటించారు. మొదట దొరికింది మా ఎనుమే. ఆయనే దాన్ని తోలుకుపోయి దొడ్లో కట్టేసి వచ్చారు.

"మన ఎనుమును మనమే కట్టేసుకునేదా? మజ్జిగకు ఏం జేసేది?"

"మునసబు ఎనుమని ఇడిచిపెడితే, చాటించిన కుప్పయ్య నోరు అబద్ధమైపోతాది గదే."

ఆ పూట సంగటిలోకి మజ్జిగ లేదు. బదులుగా వేరుశనగకాయల ఊరిబిండి నూరాను.

యుద్ధం రోజులొచ్చాయి. పర్మిట్ లేకుండా వడ్లు తాలూకా దాటకూడదని ఆర్డరు వచ్చింది. సరిగ్గా అప్పుడే ముసురు పట్టింది. తడిసిన తప్పెట మోగదు. కుప్పయ్య మంట దగ్గర కాచి కాచి కొట్టినా మూలుగు తప్ప శబ్దం లేదు.

"ఇల్లిల్లూ తిరిగి నోటితో చెప్పించరాదా?" అన్నాను.

"నోటితో చెప్తే ఒగరికి ఒగ మాదిరి ఇనిపిస్తాది. తప్పెట మోగితే అందరికీ ఒగటే. ఎండ రానీ."

ఎండ రాలేదు. ఈలోగా అక్కమ్మ, మొగుడు పోయిన మనిషి, తిరుపతిలో బాలింతగా ఉన్న కూతురికని బండిలో ఒక మూట వడ్లు వేసుకుని పోయింది. తాలూకా దాటగానే పట్టుకున్నారు. మూటా, బండీ, ఎద్దులూ అన్నీ పోయాయి. ఏడుస్తా వచ్చి మా వాకిట్లో కూలబడింది.

"మునసబప్పా, నన్ను జైలుకు పంపిస్తారంట. ఆ ఎద్దులు పోతే నేను సేద్యం యాడ సేసేది?"

వెనకే ఆమెను పట్టుకున్న ఆఫీసరు వచ్చి తిన్నెమీద కూర్చున్నాడు. పెద్దరైతు దేవరాజులు కూడా వచ్చాడు.

"ఏమయ్యా, ఆర్డరు చాటించావు కదా? అవునని ఒక్క మాట చెప్పు. ఆమె మీద కేసు రాసుకుని పోతాను. కాదన్నావంటే నీ పనే పోతుంది" అన్నాడు ఆఫీసరు.

"అవునని చెప్పేయ్ ధనంజయా. నీకేం పోతాది?" అన్నాడు దేవరాజులు.

ఆయన అవునంటే ఎవరు కాదంటారు? కుప్పయ్య తల వంచుకుని నిలబడ్డాడు. మునసబు ఏం చెప్తే అదే చెప్పే మనిషి.

"చాటించలేదు," అన్నారు మా ఆయన.

"చట్టం తెలియదంటే కుదరదయ్యా!"

"కుదరదు సామీ. అయితే తెలియజేసే పని నాది. తప్పెట తడిసింది, నేను ఎండ కోసం కాసుకోని ఉండిపోతిని. తెలియని మనిషిని పట్టుకునేది న్యాయం గాదు, తెలియజేయనోణ్ని పట్టుకోండి. రాసుకోండి."

చిత్తూరులో విచారణ జరిగింది. అక్కమ్మకు ఎద్దులూ వడ్లూ తిరిగొచ్చాయి. మా ఆయనకు మునసబు పని పోయింది. చిత్తూరు నుంచి రాగానే ఆయన కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చి, "కుప్పయ్యను పిలిపించు" అన్నారు.

"ఇంకా దేనికయ్యా?"

"నేను మునసబు కాదని ఊరికి చాటించల్ల గదా!"

ఆరోజు మాత్రం ఎండ పెళపెళలాడింది. తప్పెట ఖణేల్మని మోగింది.

మర్నాడు అక్కమ్మ గట్టు తగాదా తెచ్చి వాకిట్లో నిలబడింది. "నేను మునసబు కాదమ్మా, నిన్న చాటించినారు గదా" అన్నారు ఆయన.

"నేను మడికాడ ఉంటి అప్పా. నాకు ఇనపడలా."

వెనకాలే ఇంకొకరు వచ్చారు. వాళ్లకూ వినపడలేదట. అంత ఎండలో, అంత తప్పెట, ఊళ్లో ఒక్క చెవికీ పడలేదు. ఆయన నోరు ఆయన రూలే మూసింది.

మొన్న కార్తీకంలో ఆయన పోయారు. పడుకున్న మనిషి లేవలేదు. అన్నీ ముందుగా చాటించే మనిషి, ఇదొక్కటీ చాటించకుండా చేశారు. తెలియజేయనిదానికి నా తప్పేముంది? అందుకే ఇప్పటికీ సంగటి రెండు ముద్దలు చేస్తున్నాను.

నిన్న కుప్పయ్య వచ్చి ఎప్పటిలాగే వాకిట్లోనే నిలబడ్డాడు. లోపలికి వచ్చి తినమన్నాను.

"నేనా? వంటింట్లోకి ఎట్ల వచ్చేది తల్లీ?"

"వంటింటి రూలు చాటించింది నువ్వే గదా. దాంట్లో ఏముండాది?"

"ఎవురైనా సరే కాళ్లు కడుక్కోని రావల్లని."

"ఇంకేమన్నా ఉండాదా?"

కుప్పయ్య తల గోక్కుని, ఆ చాటింపును మళ్లీ ఒకసారి లోపలే చెప్పుకున్నాడు. "ఇంకేం ల్యా."

చెంబు చేతికిచ్చాను. కాళ్లు అంతసేపు కడుక్కున్న మనిషిని నేను చూడలేదు. సంగటి చల్లారుతున్నా తొందరపెట్టలేదు.