పక్కింటి గోంగూర

తొంభైల మొదట్లో, సిడ్నీ దగ్గర పర్రమట్టాలో ఉండేవాళ్లం. పక్కింటి తెల్లాయన బస్సు డ్రైవరుగా చేసి మానేశాడు, ఒంటరి. కాన్సరు మందు ఎక్కించిన రోజుల్లో ఆయన వాంతుల చప్పుడు మా వంటింట్లోకి వినిపించేది. కొన్నాళ్లకు ఎందుకో తగ్గింది. ఒకసారి ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చి, పెరట్లో మొక్కలకు నీళ్లు పొయ్యమని నన్ను అడిగాడు.

వెళ్లి చూద్దును కదా, కంచె వెంట గోంగూర! దేశం వదిలిన మూడేళ్లలో దాని మొహం చూడలేదు. ప్రాణం లేచొచ్చింది. ఆకు నమిలితే పులుపు లేదు. ఇక్కడి నేల గుణమేమో అనుకుని ఆదివారం ఒక రెమ్మ చర్చికి పట్టుకెళ్లి మా గుంటూరు ఆంటీకి చూపించాను.

"గోంగూరేంటే నీ మొహం! గంజాయి ఇది. పోలీసులు చూశారంటే వీసా కాన్సిలే. ఎవరింట్లోదీ?"

చెప్పేశాను. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ చెప్పాను.

రెండు వారాలకు పోలీసులొచ్చి మొక్కలన్నీ పీక్కుపోయారు. ఎవరు చెప్పారో ఇప్పటికీ నాకు తెలియదు. తప్పు ఒప్పుకుంటే చిన్న జరిమానాతో పోతుందని లాయరు చెప్పినా ఆయన వినలేదు. ఇది నా మందు, రోగులకు అనుమతి ఇవ్వాల్సిందే అని నాయకులకు ఉత్తరాలు రాశాడు, అట్టముక్క మీద అదే రాసుకుని కోర్టు మెట్ల మీద నిలబడ్డాడు. నన్ను సాక్ష్యం చెప్పమన్నాడు. నా పని ముందు నుయ్యి, వెనుక గొయ్యి అయింది.

బైబిలు మీద చెయ్యి వేసి, ఉన్నదంతా చెబుతానన్నాను. వాంతులు తగ్గిన సంగతి చెప్పాను. అవేం మొక్కలనుకున్నావని అడిగితే మా ఆకుకూర అనుకున్నానన్నాను. అందరూ నవ్వారు. చర్చి సంగతి ఎవరూ అడగలేదు. అడగనిది చెప్పకపోతే అబద్ధమవుతుందా? ఎంత ఆలోచించినా తేలలేదు.

మేజిస్ట్రేటు జాలిపడి శిక్ష వెయ్యలేదు. మళ్లీ ఒక్క మొక్క పెంచినా జైలేనన్నాడు. గెలిచామో ఓడామో నాకర్థం కాలేదు. తర్వాతి మందు పడిన రోజు, గోడ అవతల మళ్లీ ఆ చప్పుడు విన్నాక అర్థమైంది.

ఆ వారమే ఆయన కంచె దగ్గరికొచ్చి పిలిచాడు. మనిషి సగమయ్యాడు.

"కోర్టుకి నాకోసం వచ్చింది నువ్వొక్కదానివే. ఆ మడి ఖాళీగా ఉంది. మీ ఆకుకూర వేసుకో."

చెప్పేద్దామనే నోరు తెరిచాను. థాంక్స్ అన్న మాటే వచ్చింది.