చిన్నమ్మ సరిచేసిన మలుపులు

మొన్న జగిత్యాలలో టీ తాగుతుంటే, నెత్తిన రెండు లావు టైర్ల సైకిళ్లు కట్టుకున్న కారొకటి వచ్చి ఆగింది. అందులోంచి దిగిన అమ్మాయి, బీర్పూర్ గుట్ట మీది సైకిల్ బాటకు ఎటు పోవాలని నన్నే అడిగింది. దారి చెప్పాను గానీ, ఆ బాట వేసింది నేనేనని చెప్పలేదు.

మన తరానికి సైకిలంటే పాల క్యాన్లు, గడ్డిమోపులు, వెనక క్యారియర్ మీద కూర్చున్న చెల్లెలు. కోరుట్లలో నాన్న సైకిల్ దుకాణంలో పంచర్లు అతికిస్తూ పెరిగిన నాకు, గుట్టల మీద ఉత్త సంబరానికి సైకిల్ తొక్కుతారని, ఆ బాటలు గీయడమే ఒక ఉద్యోగమని ఎవరైనా చెబితే పకపకా నవ్వేదాన్ని. నీలగిరుల్లో అలాంటి బాటలు వేసే ఒక సారు దగ్గర రిపేర్లకని చేరి, పార పట్టి, నేల వాలు చూడటం నేర్చుకున్నాను. చివరికి ఆయన బీర్పూర్ గుట్టను నాకు అప్పగించి, వానకు బాట నిలిస్తే ఇకమీదట గీసే పని నాదేనని, నిలవకపోతే మళ్ళీ పంచర్లేనని తేల్చేశారు.

పనికి బుగ్గారం నుంచి మా చిన్నమ్మను, ఆమెతో కూలికి వెళ్లే ఆడవాళ్లను పిలిచాను. చిన్నమ్మ బతుకంతా చెరువు కట్టలకు, రోడ్లకు మట్టి మోసిన మనిషి. తాడు కట్టి తిన్నగా తవ్వితేనే ఆమె దృష్టిలో అది పని. నేను సున్నంతో గీసిన వంకరలు చూసి మొహం మాడ్చుకుంది. ఆ గీతల వెంట మలుపులన్నీ తవ్వాక, నాన్నకు జ్వరమని కబురొస్తే కోరుట్ల వెళ్లాను. నాలుగో నాడు వచ్చి చూద్దును కదా, పైనుంచి కిందిదాకా బాట పాపిట తీసినట్టు తిన్నగా ఉంది! మలుపులన్నీ పూడ్చేశారు.

"ఏంది చిన్నమ్మా గిది?" అని నేను అరిస్తే, ఆమె చెమట తుడుచుకుంటూ సంబరంగా, "గన్ని వంకర్లుంటే నీ సారు ఊకుంటడా బిడ్డా? నీ నౌకరి పోతది. గందుకే అందరం గలిసి సక్కగ జేసినం" అంది. తిట్టబోయాను, ఆ మొహం చూశాక తిట్టలేకపోయాను. ఆ సాయంత్రమే వాన పడింది. నీళ్లు తిన్నటి బాట వెంటే ఉరికి, మట్టినంతా ఊడ్చుకుపోయి, నడుమ కాలువ కోసేశాయి. గోనెసంచి నెత్తిన కప్పుకుని అదంతా చూసిన చిన్నమ్మ, తెల్లారి అందరికంటే ముందు పార పట్టుకుని వచ్చింది.

మలుపులు తిరిగి తవ్వాం, బాటను లోయ వైపుకు కాస్త వాల్చాం. సారు వచ్చిన రోజే మళ్ళీ ఆకాశానికి చిల్లుపడ్డట్టు వాన కురిసింది. సారు, చిన్నమ్మ, నేను ముగ్గురం తడుస్తూ నిలబడ్డాం. అబ్బ, తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది! పైనుంచి ఉరికి వచ్చిన నీళ్లు బాట అంచున నెమ్మదించి, పల్చగా పరుచుకుని, బాటను అడ్డంగా దాటి అవతలికి జారిపోయాయి, మట్టి మాత్రం కదల్లేదు. "అవ్వో! నీళ్లకు సుత తొవ్వ సూపిచ్చినవ్ గదనే బిడ్డా!" అని చిన్నమ్మ నోటిమీద చెయ్యేసుకుంది. వాన తెరిపిచ్చాక నేను సైకిల్ మీద దిగుతుంటే, మలుపు మలుపుకూ కేకలేస్తూ నా వెనకాలే పరుగెత్తింది. గుట్ట కింద సారు తన కొలతల టేపు తీసి నా చేతిలో పెట్టారు.

ఆ తర్వాత సిరిసిల్ల గుట్టల నుంచి హిమాలయాల దాకా ఎన్నో బాటలు గీశాను. ఇప్పుడు గీతలు కంప్యూటర్లో పడుతున్నాయి, చిన్న యంత్రాలొచ్చి తవ్విపోతున్నాయి, నా గీతను ఎవరూ వెంట్రుకవాసి కూడా మార్చరు. చిన్నమ్మ పోయి చాలా ఏళ్లయింది. అయినా పని వదిలి ఊరెళ్లి వచ్చినప్పుడల్లా, ముందు మలుపుల వైపే చూస్తాను. ఎక్కడివక్కడే ఉంటాయి. నా నౌకరి పోతుందేమోనని బెంగపడి, గుట్టంతా సరిచేసి పెట్టే మనిషి ఇప్పుడు నాకు లేదు.